తువ్వాల కింద ట్రస్టుల చట్టం

నేను లా పాసైన సంగతి మా ఆర్మూర్‌లో చాలామందికి గుర్తులేదు. పరీక్ష హాల్లో దొరికిపోయానన్న సంగతి మాత్రం అందరికీ గుర్తుంది. దొరకలేదయ్యా, దొరకడానికి నా దగ్గర ఏమీ లేదని ఎన్నిసార్లు చెప్పినా వినరు. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నన్ను అవమానించిన వాళ్లెవరి పేరూ ఇందులో రాయడం లేదు. అది నా మంచితనం. ఎవరెవరో వాళ్లకు తెలుసు.

మా బాపు పసుపు మార్కెట్‌లో ఒక అడ్తి సేటు దగ్గర దళారీగా పనిచేసేవాడు. రైతులు బండ్ల మీద తెచ్చిన పసుపును వ్యాపారులకు అమ్మిపెట్టడం సేటు దుకాణం పని. సేటు గద్దె మీద కూర్చుంటే బాపు రాశుల మధ్య తిరిగేవాడు. బేరం నోటితో జరిగేది కాదు. బాపు భుజం మీది తువ్వాల తీసి కొనేవాడి చేతిమీద కప్పి, దాని కింద అతని వేళ్లు పట్టుకునేవాడు. ఒక వేలు పడితే ఒకటి, రెండు పడితే రెండు, అరచెయ్యి మొత్తం పడితే ఐదు. ఐదు దాటితే ముందు అరచెయ్యి, ఆ తర్వాత మిగిలినన్ని వేళ్లు. ఇవే మణికట్టు ముట్టుకొని పడితే పదులు. చుట్టూ ఎంతమంది నిలబడి చూసినా ఆ ధర ఆ రెండు చేతులకే తెలిసేది. పైకి మాత్రం ఇద్దరూ ఎండల గురించో, ఈనిన బర్రె గురించో మాట్లాడుకుంటూ ఉండేవారు.

నేను బి.ఏ. అయ్యాక హైదరాబాద్ వెళ్లి లా చదువుతానన్నాను. అప్పటికే సేటు తన కొడుకును అదే కాలేజీలో చేర్పించడానికి సిద్ధం చేశాడు. నా సంగతి మాత్రం ఆయనకు నచ్చలేదు. ఇంగ్లీషు వచ్చిన, లెక్కలు రాసే మున్షీగా నన్ను తన దుకాణానికి ఎప్పుడో అనుకున్నాడట. నన్ను పక్కనే నిలబెట్టుకొని బాపుతో అన్నాడు.

"మావోడు లా సదివితే వకీలైతడు. నీ కొడుకు సదివితే నాకు మున్షీ లేకుండ పోతడు. గంతే ఫరక్."

"పిలగాడు మస్తు ఆశపడుతుండు సేటూ" అన్నాడు బాపు.

"సరే, పోనియ్. గని ఆఖరి పరీక్షల ఒక్క పేపర్ తప్పినా గా మూలకున్న మున్షీ పీట నీ కొడుకుదే. మళ్ల రాస్తనంటే ఒప్పుకోను. మాటేనా?"

"మాటే సేటూ."

నన్ను ఒక్క మాట అడగలేదు. ఈ విషయంలో నా మొదటి ఫిర్యాదు బాపు మీదే. మార్కెట్‌లో ఇచ్చిన మాట తప్పిన దళారీ చేతిని మళ్లీ ఎవరూ పట్టుకోరు. కాబట్టి నేను ఒక్క పేపర్ తప్పితే పీట తప్పదు. ఆ పీట మీద కూర్చొని, రేపు వకీలయ్యే సేటు కొడుకు ఊరికి వచ్చినప్పుడల్లా లేచి నిలబడాలి.

అన్ని పేపర్ల చదువూ సాఫీగానే సాగింది, ట్రస్టులు తప్ప. ఒకరి ఆస్తిని ఇంకొకరు మూడో మనిషి మేలు కోసం పట్టుకొని ఉండడమే ట్రస్టు. పట్టుకున్నవాడు ట్రస్టీ, మేలు పొందేవాడు లబ్ధిదారు. ఇందులో అర్థం కానిది ఏముంది? నన్ను చంపింది సెక్షన్ల నంబర్లు. ట్రస్టు ఆస్తిని తన సొంత ఆస్తిలా జాగ్రత్తగా చూసుకోవాలనేది పదిహేనో సెక్షన్. దాన్ని తన లాభానికి వాడుకోవద్దనేది యాభై ఒకటి. అర్ధసంవత్సర పరీక్షలో నేను ఈ రెంటినీ తారుమారు చేశాను. ట్రస్టులు చెప్పే లెక్చరర్ కోస్తా నుంచి వచ్చిన మనిషి. నా పేపరు చేత్తో పైకెత్తి పట్టుకొని క్లాసంతటికీ చూపించాడు.

"ఈ అబ్బాయి ట్రస్టుల చట్టాన్ని కొత్తగా రాశాడండీ. పార్లమెంటుకు పంపిద్దాం. ఆర్మూరు నుంచి వచ్చింది కాబట్టి నాలుగు మూలలా పసుపు రాసి మరీ పంపిద్దాం."

ఆ రోజు పదకొండు మంది నవ్వారు. వారిలో ఒకాయన తర్వాత జడ్జి అయ్యాడు. ఆయన కోర్టులో నేను వాదించిన ప్రతిసారీ నాకు ఆయన ముఖం కాక ఆనాటి పళ్లే కనిపించేవి. అందరికంటే గట్టిగా నవ్వినవాడు సేటు కొడుకు. మా ఊరివాడు కదా, వాడి నవ్వు నేను కళ్లు మూసుకొని కూడా గుర్తుపట్టగలను.

పరీక్షల ముందు సెలవులకు ఇద్దరం ఆర్మూర్ వచ్చాం. అప్పుడు పసుపు కాలం. అంకాపూర్ వైపు నుంచి వచ్చిన బండ్లు పొద్దున్నే మార్కెట్ దారిని మూసేసేవి. ఉడికించి ఎండబెట్టిన కొమ్ములను డ్రమ్ముల్లో వేసి తిప్పే చప్పుడు పగలంతా ఆగేది కాదు. ట్రస్టుల పుస్తకం మా ఇద్దరికీ కలిపి ఒక్కటే, అదీ సేటు కొడుకు దగ్గర. నేను దాన్ని నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోవడానికి రోజూ దుకాణం వెనక గదికి వెళ్లేవాణ్ని. మొదటి రోజే వాడు నన్ను గుమ్మంలో ఆపాడు.

"అరేయ్, చేతులు కడుక్కొని రా. పుస్తకానికి పసుపంటుతది."

"నేను పసుపు ముట్టుకోలే."

"మీ బాపు ముట్టుకున్నడు గద."

నేను వెళ్లి చేతులు కడుక్కొని వచ్చాను. కడుక్కున్నందుకు నా మీద నాకు ఇప్పటికీ కోపం. పుస్తకం తెరిస్తే పందొమ్మిదో సెక్షన్ పక్కనే వాడి బొటనవేలి ముద్ర పచ్చగా మెరుస్తూ ఉంది.

నేను ఊరుకునే రకం కాదు. "మీ నాయిన ఈ పుస్తకం కొనిచ్చినప్పుడు ఇద్దరు సదువుకోన్రి అన్నడా, లేదా?" అని అడిగాను.

"అన్నడు. అయితే ఏంది?"

"అయితే నువ్వు ట్రస్టీవి, నేను లబ్ధిదారుని. ముప్పై ఏడో సెక్షన్ కింద నాకు దీన్ని చూసుకునే హక్కున్నది."

వాడు పుస్తకం లాక్కొని పేజీలు తిప్పాడు. "యాభై ఏడు రా అది. గది గూడ ట్రస్టు పత్రాలు చూసుకునే హక్కు, పుస్తకాలు కాదు. నీకు పీటే గతి" అని కడుపు పట్టుకొని నవ్వాడు.

ఆ మధ్యాహ్నం మార్కెట్ అయిపోయాక, ఖాళీ షెడ్డులో గోనెసంచుల మీద కూర్చొని నంబర్లు వల్లె వేస్తున్నాను. బాపు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆయనకు సంతకం తప్ప చదువు రాదు.

"ఏం గొణుగుతున్నవ్?"

"నంబర్లు బాపూ. నిలుస్తలేవు."

"నంబర్లు నోట్లె ఎట్ల నిలుస్తయ్? చేతుల పెట్టుకోవాలె. ఏదీ, చెయ్యి ఇటు తే."

తువ్వాల కప్పాడు. నోటితో "ఏం ఎండలో ఏమో" అంటూనే, మణికట్టు దగ్గర నాలుగు వేళ్లు, ఆ తర్వాత అరచెయ్యి, ఆ తర్వాత రెండు వేళ్లు పట్టాడు.

"నలభై ఏడు" అన్నాను. "ట్రస్టీ తన పని ఇంకొకనికి అప్పగించొద్దు."

"మరి ఆయనకు జరమొస్తే?"

"తప్పనిసరైతే అప్పగియ్యొచ్చు."

"గది జెప్పాలె ముందుగాల. యాభై ఏంది?"

"ముందుగాల మాట్లాడుకోకుంటే ట్రస్టీకి జీతం లేదు."

"జీతమే లేదా? గసొంటి కొల్వు మనసొంటోళ్లం జేస్తం గని, సదువుకున్నోళ్లు గూడ జేస్తరా?"

"యాభై రెండు ఇంకా కష్టం బాపూ. అమ్మిపెట్టమని ఇచ్చిన సొమ్మును ట్రస్టీ తనే కొనుక్కోవద్దు. ఇంకొకని పేరు మీద గూడ కొనొద్దు."

తువ్వాల కింద బాపు చెయ్యి ఆగిపోయింది. మా సేటు, రైతుల పసుపు బాగున్న రోజున, తన బావమరిది పేరు మీద తానే కొనేవాడు. ఆ సంగతి మార్కెట్లో ప్రతి చేతికీ తెలుసు.

"గీ ముచ్చట గవర్మెంటుకు తెల్సా?"

"తెల్లోళ్ల కాలంల్నే తెల్సు."

"సేటుకు?"

"ఆయన కొడుకు సదువుతనే ఉన్నడు గద."

బాపు చాలాసేపు నవ్వాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "యాభై రెండు గట్టిగ సదువకు. షెడ్డుల ఆవాజ్ మస్తు తిరుగుతది" అన్నాడు.

మరునాడు పొద్దున నేను గద్దె ముందు నిలబడి యాభై రెండో సెక్షన్‌ను ఏడుసార్లు గట్టిగా చదివాను, ఇంగ్లీషులో. సేటు తల ఊపుతూ "సదువు మంచిగనే నడుస్తున్నట్టున్నది" అన్నాడు. వెనక గది తలుపు మాత్రం దభాలున మూసుకుంది.

అట్లా రోజూ మధ్యాహ్నం బాపు వేళ్లు పట్టేవాడు, నేను సెక్షన్ చెప్పేవాణ్ని. రెండో వారంలో ఒకనాడు ఒక్క వేలు పట్టాడు.

"ఒకటి. చట్టం పేరు" అన్నాను.

"కాదు. యాభై ఒకటి."

"మణికట్టు ముట్టుకోలేదు గద నువ్వు?"

"ఇందాకటి సంది యాభైలల్లనే తిరుగుతున్నం. పదులు ఎవడన్న జెప్తడారా? మార్కెట్ల నడిచే పదులు అందరికి తెల్సినయే. బేరమంత మీది ఒకట్ల కాడనే."

"చట్టంల గట్ల నడువది."

"అయితే గది ఎట్లాంటి చట్టం?"

నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడో రోజు ఆయన మణికట్టు ముట్టుకున్నాకే నోరు తెరిచాను.

సెలవులు అయ్యేసరికి చట్టమంతా నా చేతిలోకి వచ్చింది. హైదరాబాద్‌లో బాపు ఉండడు కాబట్టి నా కుడిచేతినే బాపు చేతిగా చేసుకున్నాను. ఎడమ చేతిమీద జేబులోని దస్తీ కప్పి, కుడిచేత్తో దాని వేళ్లు పట్టుకుంటే నంబరు పలికేది. బట్ట లేకుండా పడితే ఒక్కటీ పలికేది కాదు. మా మార్కెట్‌లో బట్ట లేకుండా వేళ్లు పట్టడం చిన్నపిల్లల ఆట.

పరీక్ష రోజు హాల్లో మూడో వరుసలో నేను, నా పక్క వరుసలో సేటు కొడుకు. ప్రశ్నపత్రం చూడగానే ప్రాణం లేచి వచ్చింది. ట్రస్టీ విధులు, ట్రస్టీ చేయకూడని పనులు, అన్నీ నేను తువ్వాల కింద పట్టినవే. కలం పక్కన పెట్టి, ఒళ్లో దస్తీ పరిచి, రెండు చేతులూ దాని కిందికి పోనిచ్చాను. నాలుగో సెక్షన్ రాసి, ఆరో సెక్షన్ కోసం మళ్లీ పోనిచ్చాను. మూడోసారికి ఇన్విజిలేటర్ నా నెత్తిమీద ఉన్నాడు.

"చేతులు పైకి తియ్యి."

తీశాను. దస్తీ లాక్కొని దులిపాడు. కిటికీ వెలుగుకు పట్టి చూశాడు. "ఈ మూల పచ్చగా ఉన్నదేవిటి?"

"పసుపు సార్."

"పసుపుతో రాశావా?"

"మరక సార్."

నా జేబులు తిరగేయించాడు. చొక్కా చేతులు పైకి మడిపించాడు. అరచేతులు కళ్ల దగ్గరికి తీసుకొని జాతకం చెప్పేవాడిలా చూశాడు. "మరి ఆ గుడ్డ కింద ఏం చేస్తున్నావ్?"

"వేళ్లతోని సెక్షన్లు గుర్తు చేసుకుంటున్న సార్. మా బాపు నేర్పిండు."

హాలంతా తలలు వంచుకొని నవ్వింది. ముఖాలు కనిపించలేదు కాబట్టి ఆ లెక్క నా దగ్గర లేదు. ఆ ఒక్కటే నా దగ్గర లేని లెక్క.

నన్ను చివరి బల్ల దగ్గర కూర్చున్న సూపరింటెండెంట్ ముందుకు తీసుకెళ్లారు. వయసుమళ్లిన మనిషి. ఇన్విజిలేటర్ అప్పుడే కాపీ కొట్టినవాళ్లను బుక్ చేసే ఫారం బయటికి తీశాడు. దాని మీద నా నంబరు పడితే ఈ పేపరు పోతుంది. పేపరు పోతే పీట. మూలన ఉన్న ఆ పీట నా కళ్ల ముందుకు వచ్చింది. పాత మున్షీ కూర్చొని కూర్చొని దాని మధ్యలో గుంట పడింది. ఆ గుంట నా కొలతకు సరిపోతుందా అని కూడా ఆలోచించాను.

"సార్, మా ఊరాయన ఇక్కడనే ఉన్నడు. ఆయన్ని అడుగున్రి" అని సేటు కొడుకును చూపించాను.

వాణ్ని పిలిచారు. "మీ ఊళ్లో గుడ్డ కింద వేళ్లతో నంబర్లు చెప్పుకుంటారా?" అని సూపరింటెండెంట్ అడిగాడు.

వాడు నా వైపు చూడకుండా, "నాకు తెల్వది సార్" అన్నాడు.

గద్దె పక్కన పాకడం నేర్చుకున్నవాడు, తెల్వదన్నాడు! జీవితంలో నాకు జరిగిన అవమానాల్లో దీన్ని మించింది లేదు. భయం ఎక్కడికి పోయిందో కోపమే మిగిలింది.

"సార్, ఒక నంబరు కాగితం మీద రాసి నాకొక్కనికే చూపియ్యున్రి. నేను ఆయన చెయ్యి పడత. ఆయన ఆ నంబరు చెప్పకుంటే నన్ను బుక్ చెయ్యున్రి."

అన్నాక గానీ నాకు తెలియలేదు, నా లా చదువునంతా వాడి చేతిలోనే పెట్టానని. వాడు నోరు మూసుకుంటే చాలు. సూపరింటెండెంట్‌కు వేడుకగా అనిపించినట్టుంది. కాగితం మీద 88 రాసి నాకు చూపించాడు. నేను దస్తీ కప్పి పట్టాను. మణికట్టు దగ్గర అరచెయ్యి, మూడు వేళ్లు. మళ్లీ అరచెయ్యి, మూడు వేళ్లు. వాడు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాడు.

"ఎంత?" అన్నాడు సూపరింటెండెంట్.

"ఎనభై ఐదు" అన్నాడు వాడు, టక్కున.

"తప్పు!" ఇన్విజిలేటర్ కలం తెరిచాడు. "నేను చెప్పలేదూ సార్?"

 నేను సేటు కొడుకు ముఖం చూశాను. వాడి చెవులు ఎర్రబడ్డాయి. నాకు అర్థమైపోయింది.

"సార్, గది తప్పు కాదు సార్, గది బేరం! సేట్ల చేతుల ఏ నంబరు పెట్టినా మూడు తగ్గించి అడుగుతరు!"

సూపరింటెండెంట్ కళ్లద్దాలు తీసి మా ఇద్దరినీ చూశాడు. "ఏమయ్యా, నిజమేనా? నువ్వు బేరం చేశావా?"

వాడు తల దించుకొని, "అలవాటుల వచ్చేసింది సార్" అన్నాడు.

సూపరింటెండెంట్ భుజాలు కదిలేలా నవ్వాడు. ఇంకో కాగితం మీద 47 రాశాడు. "ఈసారి బేరం వద్దు. ఎంత పట్టాడో అంతే చెప్పు." నేను పట్టాను. వాడు "నలభై ఏడు" అన్నాడు, పళ్లు తోమినంత అలవాటుగా.

"అయితే ఎనభై ఎనిమిదో సెక్షన్ ఏవిటి?" అని సూపరింటెండెంట్ నన్నడిగాడు.

"నమ్మకం మీద ఒకరి పని చూసేటోడు, ఆ నమ్మకం వల్ల సంపాయించిన లాభాన్ని వాళ్లకే అప్పజెప్పాలె సార్."

ఇన్విజిలేటర్ మాత్రం వదల్లేదు. "సార్, అంటే వీళ్లిద్దరూ హాల్లో నంబర్లు అందించుకోవచ్చన్నమాట!"

"నంబర్లు అందుతాయి. ఆ నంబరు కింద ఏముందో ఎవరు అందిస్తారు? ఫారం లోపల పెట్టండి. ఇతన్ని అక్కడే ఉంచి, ఆ అబ్బాయిని ఎదుటి మూలకు మార్చండి. దస్తీ మాత్రం ఇక్కడే ఉంటుంది."

ఈ వేడుక అంతటికీ నావి ఇరవై ఐదు నిమిషాలు పోయాయి. ఆ సమయం కలిపి ఇవ్వమని అడిగాను. "బుక్ చెయ్యనందుకు సంతోషించు" అన్నాడు ఇన్విజిలేటర్. సంతోషించలేదు. ఆ ఇరవై ఐదు నిమిషాలు నాకు ఇంకా రావాల్సే ఉన్నాయి.

వచ్చి కూర్చుంటే చేతులు మూగబోయాయి. బట్ట లేదు. చివరికి ఎడమ చేతిమీద జవాబుల కాగితం కప్పుకున్నాను. కాగితం వేళ్లను కప్పింది గానీ మణికట్టు దాకా రాలేదు. ఒకట్లు పలికాయి, పదులు పలకలేదు. ట్రస్టీ పని అప్పగించొద్దనేది ఏడు. ఎన్ని పదుల ఏడు? లాభానికి వాడుకోవద్దనేది ఒకటి. ఎన్ని పదుల ఒకటి? నేను పదుల చోట ఖాళీ వదిలి, కింద విషయమంతా రాస్తూ పోయాను. రాస్తుండగా ఒకటి గమనించాను. పదికి లోపల ట్రస్టు పుడుతుంది. పదుల్లో, ఇరవైల్లో ట్రస్టీ చాకిరీ. నలభైల చివర, యాభైల మొదట్లో ట్రస్టీని కట్టేసే తాళ్లు. ఆ తర్వాత లబ్ధిదారు హక్కులు. పదులు అందరికీ తెలిసినవే అని బాపు అన్న మాట మీద నేను రెండు రోజులు అలిగాను. అలిగినందుకు ఆయనకు క్షమాపణ చెప్పలేదు. ఆయన అడగలేదు కాబట్టి అవసరం లేదనుకున్నాను. గంట కొట్టే లోపల వెనక్కి వెళ్లి ఖాళీలన్నీ నింపాను.

ఫలితాల పేపరు నిజామాబాద్ నుంచి మధ్యాహ్నం బస్సులో వచ్చింది. దుకాణం ముందు నిలబడి నంబర్లు వెతికాం. నాదీ ఉంది, వాడిదీ ఉంది. పది నిమిషాల్లో సేటు లడ్డూల పెట్టె తెప్పించి మార్కెట్‌లో కనిపించిన ప్రతి ఒక్కరికీ పంచడం మొదలుపెట్టాడు. "మావోడు వకీలైండు" అని అందరికీ చెప్పాడు. నేను ఎదురుగానే నిలబడ్డాను. కాసేపటికి నన్ను చూసి, "నీది గూడ అయ్యిందట గద" అన్నాడు.

"అయింది" అన్నాను.

"మంచిది. మా పుస్తకం మంచిగ పనిజేసింది." తర్వాత బాపు వైపు తిరిగాడు. "పాసైతే మాత్రం రేపే కేసులొస్తయా? గందాక ఖాళీగుండుడెందుకు? నాలుగు నెలలు గా పీట మీద కూసోమను. మనోడే గద."

నేను నోరు తెరిచేలోపల బాపు మాట్లాడాడు.

"కూసోడు సేటూ."

రాశుల దగ్గరి వాళ్లు తలలు తిప్పారు. ఇరవై ఏళ్లుగా ఆ మార్కెట్లో తిరిగిన మనిషి అంత గట్టిగా ఏ మాటైనా అనగా ఎవరూ వినలేదు.

"పేపర్ తప్పితే పీట అన్నవు. తప్పలే. మాట ఒడిసింది. పీటకు ఇంకొకన్ని జూస్కో."

సేటు నవ్వినట్టు చేసి పెట్టె కొడుకు చేతికిచ్చాడు. వాడు ముందు బాపుకు ఒక లడ్డూ ఇచ్చి, తర్వాత నా దగ్గరికి వచ్చి ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. అది పగిలిన లడ్డూ. పెట్టెలో ఇంకా తొమ్మిది ఉన్నాయి, అన్నీ గుండ్రంగానే ఉన్నాయి. నేను చూశాను.